డాలరు కరిగి రూపాయైన ఏడు

కాశీబుగ్గ బజారులో ముసలి కంసాలి ఆ బిళ్ళను త్రాసులో వేసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఏటి బాబూ ఇది? రెండు రూపాయలెత్తు మీద పావు దాటీసింది. ఎక్కడి సొమ్ము?"

అది 1922 నాటి అమెరికా వెండి డాలరు. 26.73 గ్రాముల బరువు, నూటికి 90 పాళ్లు వెండి. వజ్రపుకొత్తూరు నుంచి సోంపేట దాకా మా ఉద్దానం కుర్రాళ్లు ఓడల మీద పనికి పోవడం కొత్తేమీ కాదు. సెలవుకొస్తూ అందరూ సెంటు సీసాలు తెస్తే, మా చిన్నాన్న ఇది తెచ్చాడు. "సారా నిషేధం నాటి డాలర్రా, జాగ్రత్త" అంటూ నా చేతిలో పెట్టాడు.

అమెరికాలో మద్యనిషేధం 1920 జనవరి 17న మొదలై 1933 డిసెంబరు 5న ముగిసింది. ఆ పేరు తగిలిస్తే నాణేనికి గిరాకీ పెరుగుతుంది, అంతే. 1995లో మన దగ్గరా నిషేధం పెట్టారు. ఆనాటి రూపాయి అని ఎవరైనా అమ్మజూపితే కొంటామా?

ఈ డాలరు పుట్టుకకు సారాతో పనిలేదు. మన రూపాయితో ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి రూపాయికి కటకట వచ్చింది. సరుకులకీ సైన్యానికీ సర్కారు రూపాయలే చెల్లించాలి. జనమేమో చేతికొచ్చిన రూపాయిని దాచేస్తున్నారు. 1917 నవంబరు 30న మొదటిసారి ఒక్క రూపాయి కాగితం విడుదల చేశారు. ఖంగున మోగని రూపాయిని ఎవరు నమ్ముతారు? నోట్లు పట్టుకుని వెండి ఇమ్మని ఖజానాల ముందు నిలబడ్డారు. బ్రిటన్ అమెరికాను వెండి అడిగింది. నెవాడా సెనేటర్ కీ పిట్‌మన్ పేరిట 1918 ఏప్రిల్‌లో చట్టం వచ్చింది. దాని కింద 27 కోట్ల పైచిలుకు డాలర్లు కరిగించారు. అందులో సుమారు 26 కోట్ల డాలర్ల వెండి మన రూపాయల కోసమే. కరిగించినన్ని డాలర్లు మళ్లీ ముద్రించాలనీ, అందుకు స్వదేశపు గనుల వెండే కొనాలనీ ఆ చట్టంలోనే రాసుకున్నారు. గనుల సొంతదారుల సెనేటర్ మరి!

అలా 1921లో మళ్లీ మొదలైన డాలర్లలో నా చేతిలోనిది ఒకటి. ఒకపక్క కిరణాల కిరీటం పెట్టుకున్న స్వేచ్ఛాదేవి. శిల్పి ఆంథొనీ డి ఫ్రాన్సిషీ తన భార్య థెరెసా పోలికలతోనే చెక్కాడంటారు. రెండోపక్క బండ మీద గద్ద, దాని కింద 'శాంతి' అనే మాట ఇంగ్లీషులో. ఈ బొమ్మతో 1921వి పది లక్షల పైచిలుకే. బొమ్మ మరీ ఉబ్బెత్తుగా ఉండటంతో ముద్రణ కష్టమై, మరుసటేడు పల్చన చేశారు. ఫిలడెల్ఫియాలో కొట్టిన 1928వి 3,60,649 మాత్రమే. 1922వి కోట్లలో ఉన్నాయి. చిన్నాన్నకి ఆ సంగతి నేను చెప్పలేదు.

చెప్పనిది ఇంకొకటుంది. నల్లబడిందని చింతపండుతో తోమేశాను. తళతళలాడింది. సేకరణలో తలపండిన ఒకాయన చూసి, "తోమేశావా? ఇక వెండి ధరే" అని తిరిగిచ్చేశాడు.

నాయనమ్మ ట్రంకు పెట్టెలో పన్నెండు రూపాయలుండేవి. వాళ్ల నాన్న రంగూన్‌లో కూలిచేసి తెచ్చినవి. అప్పుడు మా ఊళ్లు గంజాం జిల్లాలో ఉండేవి, బర్మాలోనూ మన రూపాయే చెల్లేది. ఇప్పుడు మిగిలింది ఒక్కటే. 1918ది, అయిదో జార్జి బొమ్మ, చుట్టూ పూలతీగ. అడుగున తామర కింద చుక్క ఉంటే బొంబాయిలో కొట్టింది, లేకపోతే కలకత్తాది. దీనికి చుక్క ఉంది. లెక్క కడితే ఒక డాలరులోని వెండితో రెండుంపావు రూపాయలొస్తాయి. ఈ రూపాయిలో ఏ డాలరు కరిగిందో, అసలు కరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు.

మిగతా పదకొండూ ఇదే కాశీబుగ్గలో మూసలో పడి మా చెల్లికి పట్టీలయ్యాయి. వాటితో జీడితోటల్లో పరుగులు తీసేది. ఒకటి ఆ ఇసకలోనే ఎక్కడో జారిపోయింది. రెండోది డాలరు పక్కన, అగ్గిపెట్టెలో.