చలికాలం తర్వాత మోటర్‌హోమ్: పంపు తిరుగుతోంది, నీళ్లు రావట్లేదు... ఎందుకు?

ఈరోజు టాపిక్ హైదరాబాద్‌లో, విజయవాడలో కూర్చుని చూసేవాళ్లకి కొంచెం కొత్తగా ఉండొచ్చు. కానీ అమెరికాలో మిన్నెసోటా, మిషిగన్ లాంటి చలి రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లకి ఏప్రిల్ వచ్చిందంటే ఇదే తలనొప్పి. మోటర్‌హోమ్ అంటే తెలుసు కదా, ఇల్లూ బండీ రెండూ ఒకటే. లోపల కిచెన్, బాత్రూమ్, పడక అన్నీ ఉంటాయి. అక్టోబర్‌లో పక్కన పెడితే మళ్లీ ఏప్రిల్‌లోనే బయటికి తీస్తారు.

పక్కన పెట్టే ముందు పైపుల్లో నీళ్లన్నీ తీసేయాలి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది, ప్లాస్టిక్ ఫిట్టింగులు పగిలిపోతాయి. అందుకే హీటర్‌ని బైపాస్ చేసి, పైపుల్లో పింక్ కలర్ యాంటీఫ్రీజ్ నింపుతారు. అది ప్రొపిలీన్ గ్లైకాల్. కార్లలో పోసేది చాలావరకు ఇథిలీన్ గ్లైకాల్, అది విషం, దాన్ని తాగునీటి పైపుల దగ్గరికి రానివ్వకండి. సరే, ఇప్పుడు అప్పుడు మార్చినవన్నీ వెనక్కి మార్చాలి. చిక్కు ఎక్కడంటే, వాల్వులు తిప్పింది అక్టోబర్‌లో, గుర్తు చేసుకోవాల్సింది ఏప్రిల్‌లో!

మొదట ఒక్క మాట. వీడియో ఇక్కడే ఆపేసినా పర్లేదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి. హీటర్ ట్యాంకులో నీళ్లు నిండేదాకా కరెంట్ హీటర్ స్విచ్ వేయొద్దు. మన ఇంట్లో గీజర్ లాంటిదే ఇది కూడా. ఎలిమెంట్ చుట్టూ నీళ్లు లేకుండా కరెంట్ ఇస్తే కొన్ని సెకన్లలోనే కాలిపోతుంది. కాబట్టి పని మొదలుపెట్టేటప్పుడే హీటర్ బ్రేకర్ దింపేయండి, గ్యాస్ స్విచ్ కూడా ఆఫ్‌లోనే ఉంచండి. పంపు పని తేలాకే హీటర్ జోలికి వెళ్దాం.

ఇక పంపు. ఇది 12 వోల్ట్‌ల డయాఫ్రమ్ పంపు. మన ఇళ్లల్లో ఆర్ఓ ఫిల్టర్‌లో గుర్రుమని తిరిగేది కూడా ఈ జాతిదే. ట్యాప్ తిప్పితే ప్రెషర్ పడిపోతుంది, పంపు ఆన్ అవుతుంది. ట్యాప్ కట్టేస్తే ప్రెషర్ పెరిగి దానంతట అదే ఆగిపోతుంది. అసలు తిరగట్లేదంటే ముందు బ్యాటరీ చూడండి, ఆర్నెల్లు చలిలో ఉన్న బ్యాటరీ చచ్చిపోయి ఉండొచ్చు. తర్వాత ఫ్యూజు. తర్వాత పంపు వైర్ల దగ్గర మల్టీమీటర్ పెట్టండి. అక్కడికి 12 వోల్ట్‌లు వస్తున్నా తిరగకపోతే తప్పు పంపుదే. రాకపోతే పంపుని తిట్టి లాభం లేదు, వెనక్కి స్విచ్ వైపు వెతకాలి.

కానీ ఎక్కువగా జరిగేది వేరే. మిన్నెసోటాలో మా ఫ్రెండ్స్ నలుగురు కలిసి ఒక సెకండ్ హ్యాండ్ మోటర్‌హోమ్ కొన్నారు. మే నెలలో ఒకడు ఫోన్. "మామా, పంపు తిరుగుతూనే ఉంది రా, చుక్క నీళ్లు రావట్లేదు. కొత్త పంపు ఆర్డర్ పెట్టేయనా?" నేను అడిగింది ఒకటే: "పంపు పక్కన సన్న పైపు ఒకటి వేలాడుతోందా?" ఉందన్నాడు. అది యాంటీఫ్రీజ్ డబ్బాలోంచి లాగడానికి పెట్టే పైపు. దాని వాల్వ్ ఇంకా అటువైపే తిరిగి ఉంది. అంటే పంపు ట్యాంకులోంచి నీళ్లు లాగట్లేదు, ఖాళీ పైపులోంచి గాలి లాగుతోంది. వాల్వ్ తిప్పాడు, అరనిమిషంలో ట్యాప్‌లో దగ్గుతూ దగ్గుతూ నీళ్లొచ్చాయి. కొత్త పంపు డబ్బులు మిగిలాయి, పార్టీ మాత్రం ఇంకా బాకీ.

ఆ వాల్వ్ సరిగ్గానే ఉంటే, పంపు ముందు ఉండే స్ట్రెయినర్ చూడండి. చిన్న పారదర్శకమైన గిన్నె, లోపల జల్లెడ ఉంటుంది. దాంట్లో కాస్త నీళ్లు మిగిలిపోయి గడ్డకడితే గిన్నె వెంట్రుకవాసి చీలుతుంది. ఇది పీల్చే వైపు కాబట్టి నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది. అందుకే లీకు కనపడదు! జాయింట్లు బిగించి, రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. చీలిక ఉంటే గిన్నె మార్చేయండి, గమ్‌తో అతికించొద్దు.

నీళ్లొచ్చాయి కదా అని సంబరపడకండి. ఇప్పుడు అసలు టెస్ట్. ట్యాపులన్నీ కట్టేయండి, పంపు ఆగుతుంది. పావుగంట కూర్చోండి, ఫోన్ కూడా చూడొద్దు, వినండి. ఎవరూ ట్యాప్ తిప్పకుండానే పంపు మధ్యలో ఒక్కసారి "గుర్" అందంటే, ప్రెషర్ ఎక్కడో పోతోందన్నమాట. టాయిలెట్ వెనక వాల్వ్, సింకు కింద, షవర్ వెనక టార్చ్ వేసి టిష్యూ పేపర్‌తో తడిమి చూడండి. ఎక్కడా తడి లేదా? బయట గొట్టం తగిలించే చోట చుక్కలు పడుతున్నాయేమో చూడండి. అక్కడ కూడా లేకపోతే పంపు లోపలి వాల్వ్ సరిగ్గా మూసుకోక నీళ్లు తిరిగి ట్యాంకులోకే పోతుండొచ్చు. ఈ టెస్ట్ ఎందుకు ముఖ్యమంటే, ఈ బండ్లలో నేల చాలావరకు ప్లైవుడ్. చిన్న లీకు ఒక సీజన్ అంతా నానబెడితే మెత్తబడిపోతుంది. అప్పుడు వచ్చే ఖర్చు ముందు పంపు ఖర్చు ఏ మూలకీ రాదు. ఇంకోటి, ఈ టెస్ట్ పంపుతోనే చేయండి. క్యాంప్‌గ్రౌండ్ గొట్టం తగిలిస్తే, ఏదైనా పగిలి ఉన్నప్పుడు మీరు ఆపేదాకా నీళ్లు వస్తూనే ఉంటాయి.

ఇప్పుడు హీటర్. డ్రెయిన్ ప్లగ్ పెట్టారా? బైపాస్ మార్చారా? మూడు వాల్వులు ఉంటే, చన్నీళ్లు లోపలికి వెళ్లేదీ, వేడినీళ్లు బయటికొచ్చేదీ తెరిచి ఉండాలి, మధ్యలోది మూసి ఉండాలి. హ్యాండిల్ పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. కొన్ని బండ్లలో ఒకటో రెండో వాల్వులే ఉంటాయి, లాజిక్ మాత్రం ఇదే. వేడినీళ్ల ట్యాప్ తెరిచి ఉంచండి. 6 గ్యాలన్ల ట్యాంకు, అంటే సుమారు 23 లీటర్లు నిండాలి కాబట్టి ముందు గాలే వస్తుంది. గాలి చప్పుడు లేకుండా ధార నిలకడగా వచ్చాకే స్విచ్.

హీటర్ పనిచేస్తోంది, ట్యాప్‌లో మాత్రం గోరువెచ్చగానే వస్తున్నాయా? మధ్య వాల్వ్ కొంచెం తెరిచి ఉండి చన్నీళ్లు కలుస్తున్నాయేమో చూడండి. అదీ కాకపోతే బండి బయట ఉండే షవర్ చూడండి. దాని రెండు ట్యాపులూ తెరిచి, చేతి షవర్ దగ్గర మాత్రమే ఆపి ఉంటే, చల్లవీ వేడివీ అక్కడే కలిసిపోతాయి. లోపల మీరు హీటర్‌ని అనుమానిస్తూ ఉంటారు, దొంగ బయట ఉంటాడు.

కరెంట్ మీద అసలు వేడెక్కట్లేదంటే, బ్రేకర్ దింపి, ఎలిమెంట్ వైర్లు తీసి, మల్టీమీటర్‌తో ఓమ్స్ కొలవండి. అమెరికాలో సప్లై 120 వోల్ట్‌లు, ఎలిమెంట్ సాధారణంగా 1440 వాట్లు. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుందా? వోల్టేజ్ వర్గాన్ని వాట్లతో భాగిస్తే సరిగ్గా 10 ఓమ్స్. దగ్గరలో వస్తే ఎలిమెంట్ బతికే ఉంది. రీడింగ్ అనంతం చూపిస్తే పోయినట్టే. అది పోలేదంటే వేడి హద్దు దాటినప్పుడు ఆపేసే రీసెట్ బటన్ ఒకసారి నొక్కి చూడండి. మాటిమాటికీ అదే పడిపోతుంటే థర్మోస్టాట్ మార్చాలి, బటన్ నొక్కుతూ కూర్చోవడం కాదు.

గ్యాస్ విషయంలో ప్రొపేన్ ట్యాంక్ వాల్వ్ నెమ్మదిగా తిప్పండి. ఒక్కసారిగా తెరిస్తే లోపలి సేఫ్టీ వాల్వ్ లీకు అనుకుని గ్యాస్ తగ్గించేస్తుంది. ముందు స్టవ్ వెలిగించి పైపులో గాలి పోనివ్వండి, తర్వాత హీటర్. మంట నీలంగా ఉండాలి. పసుపుగా, మసి పడుతూ ఉంటే బర్నర్ గొట్టంలో సాలీడో కందిరీగో గూడు కట్టి ఉండొచ్చు. నవ్వకండి, 2011లో మాజ్దా కంపెనీ సాలీడు గూళ్ల వల్లే మాజ్దా 6 కార్లని వెనక్కి పిలిచింది. గ్యాస్ ఆపి, చల్లారాక శుభ్రం చేయించండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం ఏ స్విచ్చూ తాకకుండా బయటికొచ్చి, ట్యాంక్ వాల్వ్ కట్టేసి, టెక్నీషియన్‌ని పిలవండి. ఇక్కడ మన బీటెక్ పనికిరాదు.

హీటర్ బయటి వైపు ఒక ఇత్తడి వాల్వ్ ఉంటుంది, ప్రెషర్ 150 పీఎస్ఐ దాటినా, వేడి 210 ఫారెన్‌హీట్ దాటినా తెరుచుకుంటుంది. వేడెక్కేటప్పుడు దాన్నుంచి కొన్ని చుక్కలు పడటం మామూలే, నీళ్లు వ్యాకోచిస్తాయి కదా. విసుగొచ్చి దానికి బిరడా కొట్టారో, ట్యాంకుని బాంబు చేసినట్టే.

వేడినీళ్లు కుళ్లిన గుడ్డు వాసన వస్తే, స్టీల్ ట్యాంకుల్లో ఉండే యానోడ్ రాడ్, నీళ్లలోని బ్యాక్టీరియా కలిసి చేసే పని అది. ట్యాంకు కడిగి, రాడ్ తీసి చూడండి. ముప్పావు వంతు కరిగిపోతే మార్చేయండి. విప్పే ముందు హీటర్, పంపు రెండూ ఆపి, నీళ్లు చల్లారనిచ్చి, ట్యాప్ తెరిచి ప్రెషర్ వదలండి. లేకపోతే రాడ్‌తో పాటు సలసలకాగే నీళ్లు మొహం మీదికొస్తాయి. అల్యూమినియం ట్యాంకు ఉన్న హీటర్లకి ఈ రాడ్ ఉండదు, ఎవరో చెప్పారని కొని పెట్టకండి.

చివరిగా, తాగే ముందు ట్యాంకు శుద్ధి చేయాలి. 15 గ్యాలన్లకి పావు కప్పు వాసనల్లేని మామూలు బ్లీచ్, అన్ని ట్యాపుల్లోంచీ వాసన వచ్చేదాకా వదిలి, నాలుగు గంటలు ఉంచి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. బ్యాటరీని చలికాలంలో ఎలా కాపాడుకోవాలో వేరే ఎపిసోడ్ చేస్తున్నా. అప్పటిదాకా, మీ బండిలో పంపు ఏ రకంగా మొరాయించిందో కామెంట్లో రాయండి.