దిగాల్సిన ఊరేది?

విదేశం వెళ్లేవారికి పెద్ద నగరం మేలా, చిన్న పట్నం మేలా? ఊరి పేరు చూసి కాదు, చేతిలోని వీసా చూసి తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది.

అహోబిలంలో బడి చదువు, ఆళ్లగడ్డలో ఇంటర్, నంద్యాలలో ఇంజినీరింగ్, హైదరాబాద్ అమీర్‌పేటలో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు, ఆపైన డాలస్, టొరంటో లేదా మెల్‌బోర్న్. మన ప్రాంతంలో ఈ దారి కొత్తది కాదు. ఇందులో హైదరాబాద్ దాకా ప్రతి మజిలీ వెనకటిదానికంటే పెద్ద ఊరే. దానికి కారణమూ ఉంది. అహోబిలానికి రైలు లేదు, ఆళ్లగడ్డకూ లేదు. 2016లో మొదలైన నంద్యాల-ఎర్రగుంట్ల మార్గం కూడా బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా పోయింది తప్ప ఇటు రాలేదు. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది 2023లో. చదువుకు, వైద్యానికి, కొలువుకు తరతరాలుగా పెద్ద ఊరి దారి పట్టినవాళ్లు, పెద్ద ఊరు చేరడమే బాగుపడటమని నమ్మడంలో తప్పేమీ లేదు. ఇక్కడ ఆ నమ్మకం చాలావరకు నిజం కూడా. అయితే దేశం దాటాక ఈ కొలత పనికిరాదు. కొత్తగా వలస వెళ్లినవారి మొదటి పదేళ్ల బతుకును నిర్ణయించేది, వాళ్ల వీసా దేనికి ముడిపడి ఉందన్న సంగతి. అది యజమానికి ముడిపడి ఉంటే పెద్ద నగరమే క్షేమం. ప్రాంతానికి ముడిపడి ఉంటే చిన్న పట్నమే దగ్గరి దారి.

యజమాని చేతిలో ఉన్న వీసా

అమెరికాలో ఎచ్‌1బి వీసా మీద ఉన్నవారి కొలువు పోతే, కొత్త యజమానిని వెతుక్కోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజుల గడువు ఉంటుంది. ఈ వెసులుబాటు కూడా 2017 నుంచే నిబంధనల్లో ఉంది. మరోవైపు ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతం మించకూడదన్న పరిమితి ఉండటంతో భారతీయుల వరుస ఏళ్ల తరబడి సాగుతోంది. ఆరేళ్లకు ముగియాల్సిన వీసాను పొడిగించుకుంటూ, పిల్లలు పెద్దవాళ్లయ్యే దాకా అదే హోదాలో ఉండిపోతున్న కుటుంబాలున్నాయి. అంతకాలంలో ఒక్కసారైనా కొలువు మారాల్సిరావడం దాదాపు ఖాయం. 2022 చివర, 2023లో టెక్ కంపెనీల్లో జరిగిన ఉద్యోగాల కోత ఈ సంగతిని అందరికీ గుర్తుచేసింది. అలాంటి రోజున డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో ఉన్నవారు ఇల్లు మారకుండా, పిల్లల బడి మార్చకుండా పది చోట్ల దరఖాస్తు పెట్టుకోగలరు. ఒకే పెద్ద సంస్థ మీద బతికే చిన్న పట్నంలో ఉన్నవారు ఆ 60 రోజుల్లో కొలువుతోపాటు కొత్త ఊరినీ వెతుక్కోవాలి. కాబట్టి మనవాళ్లంతా కొన్ని నగరాల్లోనే గుమిగూడారని ఎత్తిపొడవడం న్యాయం కాదు. వాళ్ల వీసా పరిస్థితికి అది తెలివైన నిర్ణయమే.

ఊరి చేతిలో ఉన్న వీసా

ఇదే లెక్క ఆస్ట్రేలియాలో తిరగబడుతుంది. అక్కడ 2019 నవంబరులో మొదలైన 491 వీసా ఐదేళ్ల పాటు చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలోనే ఉంటూ, అక్కడే పనిచేయాలి. మూడేళ్లు గడిచాక శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. పాయింట్ల లెక్కలో దీనికి 15 పాయింట్లు అదనం. ఈ వీసా నుంచి మినహాయించినవి సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మాత్రమే. పది లక్షలకు పైగా జనాభా ఉన్న అడిలైడ్, పెర్త్ కూడా ఈ లెక్కలో ప్రాంతీయ పట్టణాలే. అంటే ఇక్కడ చిన్న ఊరు అన్నది చట్టం గీసిన గీతే తప్ప, దీపాలు లేని పల్లె అని అర్థం కాదు. కెనడా 2019లో థండర్ బే, సడ్‌బరీ, బ్రాండన్ వంటి 11 చోట్లను ఎంచుకుని ప్రయోగాత్మకంగా ఒక పథకం తెచ్చింది. స్థానిక సంస్థ కొలువిచ్చి, ఆ ఊరి యంత్రాంగం సిఫారసు చేస్తే శాశ్వత నివాసానికి దారి తెరుచుకునేది. దాని వారసురాలిగా 2025 జనవరిలో 14 చోట్ల మరో పథకం వచ్చింది. కెనడా తన అట్లాంటిక్ తీర రాష్ట్రాలకు వేసిన ఇలాంటి బాట వల్ల, కొత్త వలసదారుల్లో ఆ రాష్ట్రాల వాటా 2006లో 1.2 శాతం ఉన్నది 2021 నాటికి 3.5 శాతానికి పెరగడానికి ఊతం దొరికింది. అమెరికాలోనూ 1994 నుంచి వైద్యులకు ఒక దారి ఉంది. జె1 వీసా మీద శిక్షణ పూర్తిచేసినవారు రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న షరతు నుంచి మినహాయింపు పొంది, డాక్టర్లు చాలని చోట మూడేళ్లు పనిచేయవచ్చు. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మంది. దీంతో గ్రీన్ కార్డు వరుస తగ్గదు గానీ, అక్కడ ఉండే హక్కు మాత్రం నిలుస్తుంది.

చిన్న ఊరికి పోవడం మెట్టు దిగడమే అనుకునేవారికి నంద్యాలే జవాబు చెబుతుంది. బ్యాంకు పరీక్షల శిక్షణ కోసం తెలుగు రాష్ట్రాల నలుమూలల నుంచి, హైదరాబాద్‌ను దాటుకుని కూడా యువత నంద్యాలకు వస్తారు. వాళ్లెవరూ నంద్యాల ఎంత పెద్దదని అడిగి రాలేదు. తమకు కావాల్సిన ఆ ఒక్క పని అక్కడ బాగా జరుగుతుందని తెలిసి వచ్చారు. ఆళ్లగడ్డ శిల్పులదీ ఇదే కథ. వాళ్లు చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో పోతాయి, ఉలి మాత్రం ఆళ్లగడ్డలోనే మోగుతుంది. ఊరిని దాని పొడవూ వెడల్పులతో కాకుండా, మన పనికి అది ఏమిస్తుందన్న దానితో కొలవడం మన జిల్లాకు తెలియని విద్యేమీ కాదు. దాన్నే విదేశం దాకా తీసుకెళ్లాలి.

మనవాళ్లు లేని చోట

చిన్న పట్నానికి వెళ్లడంపై వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. మనవాళ్లు పదిమంది ఉన్నచోటే కొలువు కబురు తెలుస్తుంది, అద్దె ఇల్లు దొరుకుతుంది, ఆపదలో ఒక చేయి అందుతుంది అంటారు. స్వీడన్ ప్రభుత్వం 1985 నుంచి కొన్నేళ్లపాటు శరణార్థులను తానే వేర్వేరు ఊళ్లకు పంపింది. ఆ అనుభవాన్ని పరిశీలించి 2003లో ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రచురించిన అధ్యయనం కూడా, తక్కువ నైపుణ్యం ఉన్నవారి సంపాదన స్వదేశీయుల మధ్య ఉన్నప్పుడు పెరిగిందని తేల్చింది. అయితే అదే అధ్యయనంలో మరో మాట కూడా ఉంది. ఆ సమూహం బాగా సంపాదించేదైతేనే మేలు ఎక్కువ. అంటే చుట్టూ ఎందరున్నారన్నదే కాదు, వాళ్లకు ఏం తెలుసన్నదీ లెక్కలోకి వస్తుంది. అమెరికాలో మనవాళ్లలో చాలామందిది ఒకే రంగం. ఆ రంగం కుంగిన నెలలో కబురు చెప్పాల్సినవాళ్లే అదే కొలువుకు పోటీదారులవుతారు. మంద చెప్పిన దారి ఎప్పుడూ మంచిదని కూడా లేదు. డెట్రాయిట్ దగ్గర అమెరికా ప్రభుత్వమే పన్నిన ఫార్మింగ్టన్ నకిలీ విశ్వవిద్యాలయం గుట్టు 2019 జనవరిలో బయటపడింది. అందులో చేరిన సుమారు 600 మందిలో తెలుగు విద్యార్థులే ఎక్కువ. వాళ్లను చేర్పించిన దళారులుగా అభియోగం ఎదుర్కొన్న ఎనిమిది మందీ భారతీయ మూలాలవారే. మనవాళ్లు ఉండటం బలమే, ఆ బలాన్ని చట్టం తెలిసిన మరో మనిషి మాటతో సరిచూసుకోవాలి.

రెండో అభ్యంతరం గుడి, పండుగ, భాష గురించి. చిన్న పట్నంలో ఒంటరితనం కాచుకుని ఉంటుందన్నది నిజం. కానీ అమెరికాలో తెలుగువారి సంఖ్య ఇప్పటితో పోలిస్తే ఎంతో తక్కువగా ఉన్న 1977లోనే పిట్స్‌బర్గ్ శివారు పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి కోవెల వెలిసింది. దూరదూరాల నుంచి కార్లలో వచ్చే భక్తులే దాన్ని నిలబెట్టారు. మన అహోబిలం సంప్రదాయమే చూడండి. సంక్రాంతి మర్నాడు కనుమ నాడు పార్వేటకు బయలుదేరిన నరసింహస్వామి ముప్పైకి పైగా పల్లెలు తిరుగుతూ, ఊరూరా తెలుపులనే వేదికల మీద కొలువుదీరుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడినందుకు చెంచులు ఆయన్ను తమ ఇంటి అల్లుడంటారు. చిన్నచోట వచ్చినవాడికి చుట్టరికం తొందరగా కలుస్తుంది. పదిమందే ఉన్న ఊళ్లో పదకొండోవాడి పేరు అందరికీ తెలుస్తుంది. ఆ పదిమందీ తెలుగువారే కానవసరం లేదు. భాష, పండుగ నిలవడానికి వారానికోసారి చేసే ప్రయాణం, ఇంట్లో రోజూ మాట్లాడే తెలుగు చాలు.

మూడో అభ్యంతరానికి మాత్రం తలవంచక తప్పదు. చిన్న పట్నంలో ఇంటద్దె తగ్గినా కారు తప్పనిసరి. ప్రత్యేక వైద్యానికి దూరం పోవాలి. భార్యాభర్తలిద్దరికీ చదువుకు తగిన కొలువు ఒకే ఊళ్లో దొరకడం కష్టం. వలసలో ఎక్కువగా నష్టపోయేది భార్య చదువే, ఆమె నైపుణ్యమే. ఇంటి నిర్ణయంలో ఆమె కొలువును మొదటి లెక్కగా పెట్టకపోతే, ఎంత తొందరగా శాశ్వత నివాసం (పీఆర్) వచ్చినా ఆ కుటుంబం సగమే స్థిరపడినట్టు. పథకాల మీద గుడ్డి నమ్మకమూ పనికిరాదు. 2019 నాటి కెనడా పథకం 2024 ఆగస్టులో ముగిసింది. దాన్ని నమ్ముకుని అప్పు చేసి చదువుకు వెళ్లినవారికి ఆ మార్పు చిన్నదేం కాదు. ఇక యజమాని చేతిలోని వీసాతో ఒకే యజమాని ఉన్న చిన్న పట్నానికి వెళ్లడం అన్నిటికంటే ప్రమాదం. అక్కడ పోటీపడే మరో యజమాని ఉండడు, అడిగే బంధువూ ఉండడు. ఇళ్లలో పని కోసం రాయలసీమ నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు ఏళ్లుగా పడుతున్న కష్టాల మూలం అదే. హోదా మొత్తం ఒక్క మనిషి చేతిలో ఉండటం ఎంత పెద్ద నగరంలోనైనా చెరే.

శాశ్వత నివాసం చేతికొచ్చాక ఈ వాదన చాలావరకు ముగిసిపోతుంది. కెనడాలో శాశ్వత నివాసికి ఏ రాష్ట్రానికైనా వెళ్లి బతికే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది. ఆస్ట్రేలియాలో ఆ మూడేళ్లూ గడిచి పీఆర్ వచ్చినవారు సిడ్నీకి వెళ్లవచ్చు. చిన్న పట్నంలో మొదలుపెట్టడం జీవితకాలపు ఒప్పందం కాదు. అక్కడే ఉండిపోయేవారు ఉంటే అది వాళ్ల ఇష్టం. ముందు హక్కు, తర్వాత ఊరు అన్న వరుస తప్పకుండా ఉంటే చాలు.

అందుకే నంద్యాల, ఆళ్లగడ్డ, అహోబిలం తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలు ఏ నగరానికి వెళ్తున్నారని బంధువులు అడిగినప్పుడు గొప్పగా చెప్పుకునే పేరు కోసం వెతకకండి. కొలువు పోతే ఎన్నాళ్లు అక్కడ ఉండనిస్తారు, అదే ఊళ్లో మరో కొలువు దొరుకుతుందా, శాశ్వత నివాసానికి ఎన్నేళ్లు పడుతుంది, ఇద్దరికీ పని ఉందా అని అడగండి. విమానం టికెట్ కొనకముందే, ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని నిబంధనలను పిల్లలతో కూర్చుని చదివి, వీటన్నిటికీ జవాబు రాసుకోండి. దళారి నోటి మాట మీద అప్పు చేయకండి.