గోల్ఫ్ క్లబ్ ఇంట్లోనే బాగు చేసుకోవచ్చా? గ్రిప్ వరకు ఓకే.. హెడ్ ఊడదీస్తే మాత్రం జాగ్రత్త!

గోల్ఫ్ క్లబ్.. మనవాళ్లు ఎక్కువగా గోల్ఫ్ స్టిక్ అని పిలిచే ఈ కర్ర చూడ్డానికి ఒకే ముక్కలా ఉంటుంది. నిజానికి మూడు ముక్కలు. చేత్తో పట్టుకునే రబ్బరు గ్రిప్, మధ్యలో షాఫ్ట్, బంతిని కొట్టే హెడ్. గ్రిప్‌ను టేప్ పట్టి ఉంచుతుంది, హెడ్‌ను ఎపాక్సీ జిగురు పట్టి ఉంచుతుంది. అతికించిన వస్తువు కాబట్టి ఊడదీసి మళ్లీ అతికించుకోవచ్చు. అమెరికాలో గ్యారేజీలో బెంచ్ వైస్ బిగించుకుని సొంత క్లబ్బులు బాగు చేసుకునేవాళ్లు, విడి భాగాలు కొని కొత్తవి తయారు చేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. హైదరాబాద్ గోల్కొండలోనో, విశాఖలోనో ఆడేవాళ్లకైనా పద్ధతి ఇదే. కాకపోతే ఎక్కడి వరకు మనం చేయొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది తెలిసుండాలి.

అసలు పెద్ద కంపెనీ ఒకటి ఇలాగే పుట్టింది. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీర్‌గా చేస్తున్న కార్‌స్టెన్ సోల్‌హైమ్ నలభై ఏళ్లు దాటాక గోల్ఫ్ పట్టుకున్నాడు. పుట్టింగ్ సరిగ్గా కుదరలేదు. దాంతో 1959లో కాలిఫోర్నియా రెడ్‌వుడ్ సిటీలోని తన ఇంటి గ్యారేజీలో సొంతంగా పుట్టర్ తయారు చేసుకున్నాడు. బంతి తగిలితే 'పింగ్' అని మోగేది. ఆ శబ్దమే కంపెనీ పేరైంది!

సరే, మొదట గ్రిప్ సంగతి. అరిగి నున్నగా మారిన గ్రిప్ చేతిలో జారుతుంది, దాన్ని ఆపడానికి ఆటగాడు తెలియకుండానే గట్టిగా బిగించి పట్టుకుంటాడు. ఇది మార్చడం ఎవరైనా నేర్చుకోవచ్చు. పాత గ్రిప్‌ను కొక్కెం బ్లేడుతో, ఒంటికి ఎదురుగా కాకుండా బయటివైపు కోయాలి. గ్రాఫైట్ షాఫ్ట్ మీద మామూలు బ్లేడు వాడితే గాటు పడుతుంది, ఆ గాటు దగ్గరే తర్వాత విరుగుతుంది. పాత టేప్ పూర్తిగా గీకేసి, రెండు వైపులా అంటుకునే కొత్త టేప్ చుట్టాలి. షాఫ్ట్ పైచివర అర అంగుళం టేప్ మిగిల్చి, దాన్ని మెలిపెట్టి లోపలికి నొక్కేయాలి. గ్రిప్ చివర ఉన్న చిన్న రంధ్రాన్ని వేలితో మూసి, లోపల గ్రిప్ సాల్వెంట్ పోసి బాగా ఊపి, ఆ ద్రవాన్నే టేప్ మీద ఒంపాలి. టేప్ తడిగా ఉండగానే గ్రిప్‌ను ఒక్క ఊపులో ఎక్కించేయాలి. మధ్యలో ఆగితే ఇరుక్కుపోతుంది. గుర్తులు సరిచూసుకుని ఒక రాత్రి వదిలేస్తే చాలు. సాల్వెంట్ దొరకలేదని పెట్రోల్ మాత్రం వద్దు, గ్యాస్ స్టవ్ దగ్గర ఈ పని అసలే వద్దు.

హెడ్ మార్చడం దగ్గరే అసలు ప్రమాదం. వేడి తగిలితే ఎపాక్సీ పట్టు సడలుతుంది, అప్పుడు హెడ్‌ను లాగేయొచ్చు. స్టీల్ షాఫ్ట్ ఆ వేడిని తట్టుకుంటుంది. గ్రాఫైట్ అలా కాదు. అది రెజిన్‌తో కలిపి బిగించిన కార్బన్ పోగుల గొట్టం. ఎక్కువ వేడి తగిలితే ఆ రెజినే దెబ్బతింటుంది. అందుకే హీట్ గన్‌తో కొంచెం కొంచెంగా, షాఫ్ట్‌కు కాకుండా హెడ్ మెడ భాగానికే వేడి పెట్టాలి. తర్వాత తిప్పకుండా నిటారుగా లాగాలి. మెలి తిప్పితే పోగులు విడిపోతాయి. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం పని అయిపోయినట్టే. ఈ పనికి షాఫ్ట్ పుల్లర్ అనే పరికరం ఉంది. అది లేకపోతే గ్రాఫైట్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. విరిగిన గ్రాఫైట్ షాఫ్ట్‌ను అతికించి ఆడే ఆలోచన అయితే మానుకోవాల్సిందే.

కొత్త షాఫ్ట్ కొనేటప్పుడు కొస సైజు చూసుకోవాలి. డ్రైవర్లకు సాధారణంగా 0.335 అంగుళాలు. ఐరన్లలో కొన్నింటికి 0.355, కొన్నింటికి 0.370. షాఫ్ట్ కొసను గరుకు కాగితంతో రుద్ది, గ్రాఫైట్ అయితే పైరంగు మాత్రమే పోయేలా చూసి, రెండు గొట్టాల ఎపాక్సీని ప్యాకెట్ మీద చెప్పిన పాళ్లలోనే కలపాలి. అయిదు నిమిషాల్లో ఆరే రకం ఇక్కడ పనికిరాదు. ఒక పూర్తి రోజు కదపకుండా ఉంచాలి. డ్రైవర్ హెడ్ బరువు దాదాపు 200 గ్రాములు. ప్రొఫెషనల్స్ స్వింగ్ వేగం గంటకు 110 మైళ్లు, అంటే 177 కిలోమీటర్లు దాటుతుంది. మామూలు ఆటగాడి వేగం అందులో మూడొంతుల్లో రెండొంతులే అనుకున్నా, జిగురు పచ్చిగా ఉండి ఆ హెడ్ ఊడి ఎగిరితే పక్కనున్నవాళ్ల పరిస్థితి ఏంటో ఊహించుకోవచ్చు.

మొత్తం క్లబ్‌ను సొంతంగా తయారు చేసుకునేవాళ్లు పొడవుతోనూ జాగ్రత్తపడాలి. షాఫ్ట్ అర అంగుళం పెరిగితే హెడ్ బరువుగా అనిపిస్తుంది, స్వింగ్ మారిపోతుంది. నిబంధనల ప్రకారం పుట్టర్ తప్ప ఏ క్లబ్ అయినా 48 అంగుళాలు దాటకూడదు. ఎన్ని తయారు చేసుకున్నా రౌండ్‌కు 14కు మించి తీసుకెళ్లకూడదు.

పాత క్లబ్బుల్లోనూ ఒక గుర్తు గమనించాలి. హెడ్‌కు, షాఫ్ట్‌కు మధ్య నల్లటి ప్లాస్టిక్ రింగు ఉంటుంది. దాని పేరు ఫెరూల్. అది పైకి జరిగి సందు కనిపిస్తే ఒక్కోసారి రింగు మాత్రమే కదిలి ఉండొచ్చు, ఒక్కోసారి హెడ్డే జారుతూ ఉండొచ్చు. ఆ సందు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, నెట్‌లో పక్కన ఎవరూ లేనప్పుడు నాలుగు షాట్లు కొట్టి చూడాలి. గీతకు, హెడ్‌కు మధ్య దూరం పెరిగితే ఆ క్లబ్‌ను బ్యాగ్‌లోంచి తీసేయాలి.