ఆనించి చెల్లించు బ్యాంకు కార్డు: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

విశాఖపట్నం చుట్టుప్రక్కల పల్లెల నుండి కూరగాయలు, బెల్లము, కొబ్బరి తీసికొని నగరమునకు వచ్చు రైతులు పూర్వము సొమ్మును రొంటిని దోపుకొని, దారి పొడవునా తడిమి చూచుకొనుచు ఇల్లు చేరెడివారు. నేడు సరకు అమ్మిన సొమ్ములో చాల భాగము, పంట ఋణము బ్యాంకు ఖాతాకే చేరుచున్నవి. ఖాతాతోపాటు కార్డు కూడ చేతికి వచ్చినది. గాజువాకలో డీజిలు పోయించుకొన్నను, పూర్ణా మార్కెట్టు ప్రాంతములో పెండ్లి సరకులు కొన్నను, దుకాణదారు ఒక చిన్న యంత్రమును ముందుకు జరిపి "కార్డు ఆనించండి" అనుట మామూలైనది. పిన్ను అడుగడు. చిన్న చప్పుడు, వెంటనే చీటీ, లెక్క తీరిపోవును.

ఇంత తేలికగా బయటికి పోవు సొమ్మునకు భద్రత యేమున్నదని మీకు సందేహము కలుగవచ్చును. సందేహించుట మంచిదే. కాని మనవారు భయపడుచున్నది ఒకచోట, అపాయమున్నది వేరొకచోట.

కార్డులు తెలుగువారికి బొత్తిగా కొత్తవి కావు. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నములో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులను ప్రవేశపెట్టినది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. రైతుల కొరకు 1998లో మొదలిడిన కిసాన్ క్రెడిట్ కార్డు తొలుత పాసుపుస్తకము వంటిదే. తరువాత అది నిజమైన కార్డు రూపము దాల్చినది. మన దేశపు రూపే కార్డు 2012లో వచ్చినది. 2014 ఆగస్టు 28న ప్రారంభమైన జనధన ఖాతాలతో అది పల్లెపల్లెకు చేరినది.

మీ కార్డును ఒకసారి చేతిలోనికి తీసికొని చూడుడు. ఒకదాని ప్రక్క ఒకటి పెద్దవగుచు పోవు నాలుగు వంపు గీతలు దానిపై ఉన్నచో, అది ఆనించి చెల్లించుటకు వీలైన కార్డు. దానిలో బ్యాటరీ లేదు. పొలము గట్టున ఉన్న ట్రాన్స్‌ఫార్మరును తలచుకొనుడు. అందులో ఒక చుట్ట లోని విద్యుత్తు, తీగ తగులకయే రెండవ చుట్టలోనికి వచ్చును గదా. ఇక్కడను అదే సూత్రము. దుకాణదారు యంత్రములో ఒక చుట్ట, కార్డు పొరల నడుమ సన్నని తీగచుట్ట మరియొకటి కలవు. యంత్రము నుండి వెలువడు తరంగముల వలన కార్డులోని చిప్పునకు క్షణకాలము ప్రాణము వచ్చును. ఈ శక్తి సుమారు 4 సెంటీమీటర్లు, అనగా రెండంగుళముల లోపే పనిచేయును. అందుచేతనే కార్డును యంత్రమునకు దాదాపు ఆనించవలసి వచ్చుచున్నది.

చిప్పు ఏమి చెప్పునో తెలిసినచో సగము భయము తీరును. వెనుకటి కార్డులకు వీపున నల్లని అయస్కాంత పట్టీ ఉండెడిది. అది ఎన్నిసార్లు గీచినను ఒకే సంగతి చెప్పును. దానిని నకలు చేసిన దొంగకు కార్డు దొరికినట్లే. చిప్పు పద్ధతి వేరు. మన చెరకు రైతులకు మిల్లువారు ఇచ్చు కటింగు ఆర్డరు వంటిది ఇది. ఒక ఆర్డరుపై ఒకసారి చెరకు తోలిన తరువాత అదే కాగితము మరల చూపినచో కాటా వద్ద చెల్లదు. చిప్పు కూడ ప్రతి చెల్లింపునకు ఒక కొత్త రహస్య సంకేతమును తయారుచేయును. నడుమ ఎవరైన దానిని విని వ్రాసికొన్నను, రెండవమారు బ్యాంకు దానిని అంగీకరించదు.

బస్సు రద్దీలో ఎవడో యంత్రమును జేబునకు ఆనించి సొమ్ము లాగుకొనునన్న మాట ఊరూర వినబడుచున్నది. అది బొత్తిగా జరుగజాలదని కాదు. దొంగకు గిట్టుబాటు కాని పని. ఆ యంత్రము ఏదో ఒక బ్యాంకు ద్వారా, ఒక ఖాతాపై, ఒకరి పేరున ఇచ్చినదై ఉండవలెను. దొంగసొమ్ము ఆ ఖాతాకే చేరును గనుక దొంగ తన చిరునామాను తానే వదలి పోయినట్లగును. కార్డు అంకెలు మాత్రము దూరమునుండి చదివినను, వీపున అచ్చువేసిన మూడంకెలు దానికి దొరకవు. దేశములో ఇంటర్నెట్టు కొనుగోళ్ళకు ఫోనుకు వచ్చు ఓటీపీ కూడ కావలెను. కార్డునకు వెండికాగితము చుట్టువారు చుట్టుకొనవచ్చును, నష్టము లేదు. అదే రక్షణ అనుకొని నిద్రపోరాదు.

ఇక నిజమైన అపాయము. ఆనించి చెల్లించునపుడు పిన్ను అడుగని పరిమితిని రిజర్వు బ్యాంకు 2015లో 2,000 రూపాయలుగా పెట్టినది. 2021 జనవరి 1 నుండి దానిని 5,000 రూపాయలకు పెంచినది. కావున ద్వారకా బస్ స్టేషనులో మీ కార్డు జారిపడినచో, దొరికినవాడు పిన్ను తెలియకయే ఒక దుకాణములో 4,000, మరియొక దుకాణములో 3,000 సరకు కొనగలడు. మీరు బ్యాంకునకు చెప్పువరకుగాని, రోజు పరిమితి దాటువరకుగాని వానికి అడ్డులేదు.

రెండవది తొందరపాటు. దుకాణదారు 450 బదులు 4,500 నొక్కినను యంత్రము ఎదురు ప్రశ్న వేయదు. కావలెనని నొక్కినను, పొరపాటున నొక్కినను మీకు నష్టమొక్కటే. అంకె చూడనిదే కార్డు ఆనింపరాదు. కార్డును దుకాణదారు చేతికి ఈయక మీ చేతితోనే ఆనించుడు. మనవారిలో కొందరు మొగమాటమునకు పోయి కార్డును, పిన్నును కూడ ఇతరులకు ఒప్పగించుచున్నారు. ఇంటి తాళము చెవిని అట్లు ఎవరికైన ఇత్తురా?

కిసాన్ కార్డు విషయమై మరింత జాగ్రత్త కావలెను. పొదుపు ఖాతాలో పోయినది మీ సొమ్ము. పంట ఋణ ఖాతాలో పోయినది అప్పు. ఎరువు కొనకయే దానికి వడ్డీ కట్టవలసి వచ్చును. అందుచేత నగరమునకు వచ్చునపుడు కిసాన్ కార్డును ఇంటనే ఉంచి, ఆనాటి ఖర్చునకు సరిపడు సొమ్ము ఉన్న పొదుపు ఖాతా కార్డును మాత్రమే తెచ్చుకొనుట మేలని మా అభిప్రాయము.

ఆనించు సౌకర్యమును ఆపుటకు, తెరచుటకు, ఎంతవరకు అన్న పరిమితి పెట్టుకొనుటకు ఖాతాదారులకు వీలు కల్పించవలెనని రిజర్వు బ్యాంకు 2020లో బ్యాంకులను ఆదేశించినది. సెల్‌ఫోను ద్వారా చేసికొనలేనివారు బ్యాంకు శాఖకు పోయి అడుగవచ్చును. అక్కడికి పోయినప్పుడే మరియొక పని చూచుకొనుడు. ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు ఇప్పుడు మీరు వాడుచున్నదేనా? సిమ్ము మార్చి బ్యాంకునకు చెప్పనివారు కొల్లలుగా ఉన్నారు. వారి సొమ్ము పోయినట్లు తెలుపు సందేశము ఎవరి ఫోనుకో పోవును.

ఈ సందేశమునకు చట్టరీత్యా విలువ కలదు. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశము ప్రకారము, మీ తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేక ఇతరుల మోసము వలన సొమ్ము పోయినచో, సందేశము అందిన మూడు పనిదినములలో తెలిపినవారికి నష్టము లేదు. నాలుగు మొదలు ఏడు పనిదినముల లోపల తెలిపినచో నష్టములో ఖాతాదారు భరించు భాగమునకు హద్దు ఉన్నది. అది జనధన వంటి కనీస సేవల ఖాతాకు 5,000, ఇతర పొదుపు ఖాతాలకు 10,000 రూపాయలు. ఆపైన ఆలస్యమైనచో ఆ బ్యాంకు విధానమును బట్టి ఉండును. పిన్ను మీరే చెప్పియుంటిరా, ఫిర్యాదు చేయువరకు జరిగిన నష్టమంతయు మీదే. ఫిర్యాదు చేసిన తరువాత జరిగినది బ్యాంకుది. అందుచే నోటిమాటగా చెప్పి రాక, ఫిర్యాదు సంఖ్యను, తేదీని, వేళను వ్రాసి ఉంచుకొనుడు. మోసము జరిగినచో 1930 నంబరుకు కూడ వెంటనే ఫోను చేయవలెను.

కార్డు ఉన్నది గదా అని చేతిలో నోటు లేకుండ బయలుదేరుట కూడ తగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నముపై విరుచుకుపడినపుడు విద్యుత్తు, ఫోనులు రోజుల తరబడి స్తంభించినవి. తీగలు తెగిననాడు కార్డు ఉత్త అట్టముక్కయే. పాలకు, మందులకు, తిరుగు ప్రయాణమునకు సరిపడు నోట్లు విడిగా ఉంచుకొనుడు.

కార్డును ఆపించుటకు ఫోను చేయవలసిన నంబరు కార్డు వీపుననే అచ్చై ఉండును. కార్డు పోయిననాడు ఆ నంబరు కూడ దానితోనే పోవును. నేడే దానిని మోటారు స్టార్టరు పెట్టె లోపలి తలుపుపై పెద్ద అంకెలతో వ్రాసి, ఇంటిలోని వారికి చూపించుడు.