కర్రపెండలము - నేల ఋణము

పండుగనాటి పాయసములోని సగ్గుబియ్యమునకు మూలము కర్రపెండలపు దుంప. గోదావరి సీమలో పెద్దాపురము, సామర్లకోట పరిసరముల మెట్టభూములందు ఈ పైరు విరివిగా సాగగుచున్నది. నిస్సారపు నేలలో సైతము పండును గనుక దీనికి పోషణ అక్కరలేదని పలువురి తలంపు. ఆ తలంపే నేలకు చేటు.

ఈ పైరు 8 మొదలు 10 నెలలు చేనిలో నుండును. తొలి 3 నెలలు ఆకు పలుచగా నుండుటచే వరుసల నడుమ మన్ను బయటపడి యుండును. ఏటవాలు చేలలో వానలు ఆ పైమన్నును కడిగివేయును. దుంపలు త్రవ్వునపుడు నేల మరల గుల్లయగును. పొటాషియము అధికముగా దుంపల వెంటనే తరలిపోవును. ఏటేట అదే పైరు వేసి, ఎరువు వేయకున్న దిగుబడి క్షీణింపక మానదు.

నివారణ కష్టసాధ్యము కాదు. వాలునకు అడ్డముగా బోదెలు వేసి నాటవలెను. వరుసల నడుమ వేరుసెనగ, మినుము లేక అలసంద విత్తినచో మన్నునకు కప్పు, నేలకు నత్రజని, రైతునకు 3, 4 నెలలలో కొంత రాబడి లభించును. తిరువనంతపురమున 1963లో నెలకొనిన కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థయు ఇట్టి అంతరపంటలనే సూచించుచున్నది. రాలిన ఆకును చేనిలోనే కలియదున్ని, పశువుల ఎరువుతోపాటు పొటాష్ వేయవలెను.

మిల్లువారు తూచునది దుంపను మాత్రమే. దానితో పోయిన సారమునకు లెక్క చూచుకొనవలసినవాడు రైతే.