చేతికర్ర సాక్ష్యమా, పనిముట్టా?

తెలుగులో 'కుంటి సాకు' అనే మాట వుంది. సాకు నిలబడలేదు, కుంటుతోంది అన్నది కాబోలు దాని మొదటి అర్థం. కానీ తరాల వాడుకలో కుంటుకీ సాకుకీ మధ్య ఏదో చుట్టరికం కుదిరిపోయింది. కుంటేవాడు పని తప్పించుకోవడానికి కుంటుతున్నాడేమోనన్న అనుమానం మన మాటల్లో ఎప్పుడూ పొంచివుంటుంది. "దుక్కలా వున్నావు, పని చేసుకుని బతకలేవా?" అనే ప్రశ్న, "కాళ్ళూ చేతులూ బాగానే వున్నాయిగా" అనే తీర్పు ఆ అనుమానం తోబుట్టువులే.

పైకి ఏ లోపమూ కనిపించని మనిషి చేతికర్రతోనో, చక్రాల కుర్చీలోనో బయటికి వస్తే చూసేవాళ్ళు అతన్ని విచారణకు పెడతారు. ఈ విచారించే చూపు ఎక్కడినుంచి వచ్చింది? వాస్తవికత పేరుతో మన సాహిత్యం దానికి పదును పెడుతోందా? ఈ రెండు ప్రశ్నలనూ కలిపి చూడవలసిన అవసరం వుందని నా అభిప్రాయం.

ముందు విషయం స్పష్టం చేసుకుందాం. చక్రాల కుర్చీ వాడేవాళ్ళంతా బొత్తిగా నడవలేనివాళ్ళని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బులో మెదడులో, వెన్నుపాములో నరాల మీది పొర దెబ్బతింటుంది. పొద్దున నడిచిన మనిషి మధ్యాహ్నం ఎండకి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోవచ్చు. రాతి క్వారీల్లో దుమ్ము పీల్చి సిలికోసిస్ తెచ్చుకున్న కార్మికుడు పది అడుగులు అందరిలాగే వేస్తాడు. వందో అడుగుకి ఊపిరి అందదు. ఆదిలాబాద్, విశాఖ ఏజెన్సీల ఆదివాసుల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధిలో ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. కొందరిలో తుంటి ఎముక తలకి రక్తం అందక అది లోపల్లోపలే చచ్చిపోతుంది. బయటికి కనిపించేది పాతికేళ్ళ కుర్రవాడు. అతని చేతిలో కర్ర చూసి నవ్వేవాళ్ళకి ఎక్స్‌రే కనిపించదు.

రచయితలకి పనికొచ్చే చిన్న వివరం ఒకటి చెబుతాను. కుడి తుంటిలో నొప్పి వున్నవాడు కర్రను ఎడమచేత్తో పట్టుకోవాలి. కుడికాలు నేలకు ఆనినప్పుడు అవతలి చేతిలోని కర్ర బరువు పంచుకుంటుంది, తుంటి పక్క కండరాల మీద లాగుడు తగ్గుతుంది. డాక్టర్లు నేర్పేది ఇదే. ఈ సంగతి తెలియనివాడు "నొప్పి ఒక పక్క, కర్ర ఒక పక్క" అని దొంగను పట్టేసినట్టు సంబరపడతాడు. సరైన వాడకమే ఇక్కడ మోసానికి రుజువవుతోంది.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు పదేళ్ళుగా రుమటాయిడ్ కీళ్ళవాతం వుంది. పొద్దున లేవగానే కీళ్ళు బిగుసుకుపోయి వుంటాయి, కర్ర లేనిదే బస్టాపు దాకా వెళ్ళలేను. సాయంత్రానికి సడలితే కర్రను చంకలో పెట్టుకుని ఇంటికొచ్చే రోజులున్నాయి. పొద్దున "అయ్యో" అన్న నోరే సాయంత్రం "ఏం మాస్టారూ, పొద్దున ఆడిందంతా నాటకమేనా?" అంటుంది. బస్సులో వికలాంగుల సీట్లో కూర్చుంటే ఒక పెద్దమనిషి నా మోకాళ్ళవంక చూసి "సర్టిఫికెట్ వుందా?" అని అడిగాడు. ఆయన కండక్టరు కాడు, నాలాగే టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు. ఆయనకి ఈ తనిఖీ అధికారం ఎవరిచ్చారు?

ఈ ప్రశ్నకి జవాబు చరిత్రలో వుంది. ఇంగ్లండులో 1824 నాటి దేశదిమ్మరుల చట్టం పుండ్లనూ, అంగవైకల్యాన్నీ చూపించి భిక్షమెత్తడాన్ని నేరం చేసింది. 1834 నాటి పేదల చట్టం ఒళ్ళు బాగున్న పేదవాడికి ఇంటిదగ్గర సాయం ఆపి, వర్క్‌హౌస్ అనే జైలులాంటి కొంపలోకి నెట్టింది. దాంతో పేదల్ని అర్హులుగా, అనర్హులుగా విడదియ్యడం పరిపాలనలో భాగమైంది. ఎవడు నిజంగా అశక్తుడో తేల్చడానికి శరీరాన్ని పరీక్షించే చూపు కావలసివచ్చింది. ఫ్యాక్టరీకి కావలసిన చూపు కూడా అదే. యంత్రాలకూ గనులకూ బలై వికలాంగులైనవాళ్ళనీ, రోగిష్ఠులనీ పెట్టుబడిదారీ వ్యవస్థ తన అట్టడుగుకి ఎలా తోసేస్తుందో 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో మార్క్స్ చూపించాడు. మనిషి శరీరం విలువ దాని శ్రమశక్తి ధరతో తేలే చోట, పని చెయ్యలేనన్నవాడు ప్రతిరోజూ రుజువు చూపించుకోవాలి.

ఆ చూపు వలసపాలనతో పోలేదు. 1959 నాటి బొంబాయి భిక్షాటన నివారణ చట్టం కూడా పుండునీ గాయాన్నీ వైకల్యాన్నీ చూపించి అడుక్కోవడాన్ని భిక్షాటన నిర్వచనంలో చేర్చింది. ఢిల్లీకి కూడా వర్తింపజేసిన ఆ చట్టంలో భిక్షాటనను నేరం చేసే నిబంధనలు చెల్లవని ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది 2018లో.

మన వికలాంగుల చట్టాలు కొంత ముందుకి నడిచాయి. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం ఇరవై ఒకటింటిని గుర్తించింది. మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, హీమోఫిలియా, తలసీమియా, సికిల్ సెల్ అందులో వున్నాయి. కంటికి కనిపించని వైకల్యం వుంటుందని చట్టం ఒప్పుకున్నట్టే. పదిమందిలో వికలాంగుణ్ణి కావాలని అవమానిస్తే ఆరు నెలలనుంచి ఐదేళ్ళదాకా జైలుశిక్ష వెయ్యవచ్చని ఆ చట్టంలోని 92వ సెక్షను చెబుతోంది. కానీ రిజర్వేషన్లవంటి ముఖ్యమైన హక్కులకి నలభై శాతం వైకల్యం వుండాలన్న కొలత మిగిలేవుంది. ఒక రోజు, ఒక గదిలో, ఒక డాక్టరు వేసే అంకె అది. జబ్బు మాత్రం రోజుకొక తీరుగా వుంటుంది. బ్రిటన్‌లో 2013లో వచ్చిన కొత్త భత్యంలో నడక పరిమితిని యాభై మీటర్లనుంచి ఇరవై మీటర్లకి కుదించారు. ఇరవై ఒకటో మీటరులో మనిషి ఆరోగ్యవంతుడైపోతాడు కాబోలు!

బస్సులో నన్ను సర్టిఫికెట్ అడిగిన పెద్దమనిషి స్వతహాగా చెడ్డవాడు కానక్కరలేదు. సీట్లు తక్కువ, పెన్షన్లు తక్కువ, ఉద్యోగాలు తక్కువ. వున్న కాస్త దగ్గర పేదవాణ్ణి పేదవాడే కాపలా కాసేలా ఈ వ్యవస్థ ఏర్పాటు చేసింది. సూపర్‌వైజరు చూపు ప్రయాణికుడి కంట్లోకి దిగింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. దొంగ సర్టిఫికెట్లు లేవా అని. వున్నాయి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పెన్షన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు ఈ వాదనే గట్టిగా వినిపించింది. కానీ దొంగ సర్టిఫికెట్ తయారయ్యేది బల్ల దగ్గర, దళారీ చేతిలో, లంచం మీద. దాన్ని పట్టుకోవలసింది రికార్డుల్లో. వీధిలో కర్రతో నడిచేవాడి పిక్కలు చూసి అది తేలదు. దళారీ ఇంట్లో హాయిగా వుంటే, వీధిలో అవమానం మాత్రం నిజంగా నొప్పి వున్నవాడికి దక్కుతోంది.

ఇప్పుడు సాహిత్యానికి వద్దాం. విక్టర్ హ్యూగో 1831 నాటి తన నోటర్‌డామ్ నవలలో పారిస్ బిచ్చగాళ్ళ పేటను చూపిస్తాడు. పగలంతా కుంటీ గుడ్డీగా వున్నవాళ్ళు అక్కడికి రాగానే మామూలు మనుషులైపోతారు. అందుకే ఆ పేటకి అద్భుతాల ఆస్థానమని పేరు. పేదలపట్ల అంత సానుభూతి వున్న రచయిత కూడా ఈ బొమ్మను మనకి అంటగట్టి వెళ్ళాడు. బ్రెహ్ట్ 1928లో 'త్రీపెన్నీ ఒపేరా'లో ఇదే వస్తువును తీసుకుని చూపు దిశ మార్చాడు. అక్కడ బిచ్చగాళ్ళకి వేషాలూ వైకల్యాలూ అద్దెకిచ్చే పీచమ్ అనే వ్యాపారి వున్నాడు. ప్రేక్షకుడు అనుమానించవలసింది జాలిని సరుకు చేసిన యజమానిని. వస్తువు ఒకటే అయినా దృక్పథం వేరు.

దీనికి ఎదురుగా అద్భుతం మూస వుంది. యోహానా స్పిరి రాసిన 'హైడీ'లో క్లారా చక్రాల కుర్చీ కొండమీదనుంచి పడి ముక్కలవుతుంది, ఆ పిల్ల లేచి నడుస్తుంది. మన సినిమాల్లో కుర్చీలోంచి లేచేవాడు విలనైతే మోసగాడు, కథానాయిక అయితే దేవుడి దయ. 2015 చివర్లో ప్రధానమంత్రి సూచించిన 'దివ్యాంగులు' అనే మాట కూడా ఈ అద్భుతాల గూటి పక్షే. మోసానికీ మహిమకీ మధ్య, ఇవాళ పది అడుగులు వేసి రేపు వెయ్యలేని మామూలు మనిషికి చోటు లేదు.

ఈమధ్య ఒక గోష్ఠిలో యువరచయిత ఒకరు కథ చదివారు. గుడిమెట్ల దగ్గర చంకకర్రలతో అడుక్కునేవాడు చీకటి పడ్డాక కర్రలు గోడకి ఆనించి సారాకొట్టుకి నడిచిపోతాడు. కథ అక్కడ ముగుస్తుంది. వాస్తవికంగా వుందని అందరూ మెచ్చుకున్నారు. "గోడకీ కొట్టుకీ ఎంత దూరం?" అని అడిగాను. రచయిత ఆలోచించలేదన్నారు. పదిహేను అడుగులైతే ఆ కథలో మోసమే లేదు. ముగింపు మెరుపు కోసం ఆయన ఒక మనిషిని దోషిని చేశారు. అది వాస్తవికత కాదు, పెద్దమనుషుల లోకజ్ఞానం.

2024 జులైలో సుప్రీంకోర్టు నిపుణ్ మల్హోత్రా కేసులో సినిమాల్లో వికలాంగుల చిత్రణకి మార్గదర్శకాలు చెబుతూ, వైకల్యాన్ని అర్థం చేసుకునే హాస్యమూ, వికలాంగుల్ని కించపరిచే హాస్యమూ వేరని విడదీసింది. మంచిదే. కానీ ఏ పాత్రని ఎలా చూడాలో రచయితకి కోర్టు చెప్పవలసిరావడం మనం గర్వించే సంగతి కాదు.

నేను కోరేది కొత్త జాలి కథలు కాదు. నాగలి గురించి రాసే రచయిత మేడి ఎలా పట్టుకుంటారో తెలుసుకుంటాడు. మగ్గం గురించి రాస్తే పడుగూపేకా తెలుసుకుంటాడు. చేతికర్ర గురించి రాసేటప్పుడు కూడా ఆ శ్రద్ధే కావాలి. ఏ చేత్తో పట్టుకుంటారు, ఎంత దూరానికి, ఏ వేళకి, ఎవరి డబ్బుతో కొన్నారు? కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి పూర్తి గుడ్డివాడివని రుజువు చూపమని ఎవరూ అడగరు. కళ్ళజోడుకి మనం ఇచ్చిన ఈ మర్యాద కర్రకీ కుర్చీకీ దక్కేదాకా మన పాత్రలు కుర్చీలోంచి లేచినప్పుడల్లా పాఠకుడు చప్పట్లు కొట్టడమో, ఉమ్మెయ్యడమో చేస్తూనే వుంటాడు. ఆ పాఠకుణ్ణి మార్చే పని చట్టంకన్నా ముందు మన కథదే.