అలల ఒడ్డున ఆటవిడుపు.. అడుగు మాత్రం అడిగి వేయండి!

గోపాల్‌పూర్ (గంజాం జిల్లా): సెలవులొచ్చాయంటే బరంపురం చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ముందుగా గుర్తొచ్చేది గోపాల్‌పూర్ తీరమే. బరంపురం నుంచి దూరం సుమారు 15 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అయితే ఇక్కడి సముద్రం చూడ్డానికి ఎంత అందమో, దిగితే అంత మొండి. దాని గుణం తెలిసినవాళ్లు ఒడ్డునే ఉన్నారు. వాళ్లు మాట్లాడేదీ మన తెలుగే.

ఒడ్డంతా తెలుగు మాటే
1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యే వరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. వేటే బతుకుగా ఈ తీరంలో స్థిరపడ్డ తెలుగు మత్స్యకారులను ఇక్కడ ‘నోలియా’లంటారు. తరాలు మారినా ఇళ్లలో తెలుగు పోలేదు. తెల్లారేసరికి ఒడ్డుకు వెళ్తే వేట ముగించుకుని వచ్చే పడవలు కనిపిస్తాయి. వలలోంచి చేపలు తీయడం, రకాలు వేరు చేయడం, బేరాలు.. పిల్లలకు ఇదే పెద్ద వింత. ఆరబెట్టిన వలలను మాత్రం తొక్కనివ్వొద్దు. అది వాళ్ల కూడు.

మునిగే ముందు..
ఇక్కడ ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది. నాలుగడుగులు వేసేసరికి లోతు వచ్చేస్తుంది. వెనక్కి మళ్లే నీరు కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. అలలు విరగకుండా నిశ్శబ్దంగా కనిపించే చోటును చూసి చాలామంది మోసపోతారు. లోపలికి లాగే ప్రవాహం తరచూ అక్కడే ఉంటుంది. అందుకే దిగేముందు ‘‘సంద్రం ఎలగుంది బాబూ?’’ అని నోలియాలనే అడగండి. వద్దంటే మానేయండి. ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదొద్దు. ఆయాసమే మిగులుతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటకు రావాలి. ఈత రానివాళ్లు చేయెత్తి కేకేయాలి. మందు తాగి దిగడం, చీకటి పడ్డాక దిగడం ప్రాణాంతకం.

నీళ్లలోకి దిగకపోయినా..
ఇసుక గూళ్లు కట్టొచ్చు, గాలిపటాలు ఎగరేయొచ్చు. ఒకప్పుడు రంగూన్‌కు ఓడలు నడిచిన రేవు ఇది. పాత రేవు ఆనవాళ్లు చూడొచ్చు. లైట్‌హౌస్ ఎక్కాలనుకుంటే సందర్శన వేళలు ముందే కనుక్కోండి. చిన్నపిల్లలుంటే ఛత్రపురం దగ్గరి తంపర మంచినీటి సరస్సు, చిలికా దక్షిణపు కొసనున్న రంభ పడవ షికారుకు మేలు. అక్కడ కెరటాల పోరు ఉండదు. అయినా లైఫ్ జాకెట్ తప్పనిసరి.

తాబేళ్లు వచ్చే వేళ
గంజాం పట్టణం దగ్గర రుషికుల్య నది సముద్రంలో కలుస్తుంది. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల్లో వచ్చి ఇక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి. 2025లో 6 లక్షలకు పైగా వచ్చాయి. కొన్నేళ్లలో అసలు రాకపోవడమూ ఉంది. సుమారు 45 రోజుల తర్వాత పిల్లలు బయటకొచ్చి, వెలుతురును బట్టి సముద్రం వైపు పాకుతాయి. టార్చి వేసినా, ఫ్లాష్ కొట్టినా దారి తప్పి ఊరివైపు వచ్చి చచ్చిపోతాయి. చూడాలంటే అటవీ సిబ్బంది చెప్పిన హద్దులోనే నిలబడాలి. గుడ్లు తాకడం చట్టరీత్యా నేరం.

వీటి కోసమే రుషికుల్య ముఖద్వారం చుట్టూ ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు చేపల వేటపై నిషేధం ఉంటుంది. ఆ ఏడు నెలలూ అక్కడి మత్స్యకార కుటుంబాలకు గడ్డుకాలమే. వాళ్లు రాబడి వదులుకుని కాపాడుతున్న తాబేళ్లను సరదాకు వచ్చినవాళ్లు తొక్కేయడం తగదు.

ఎప్పుడు? ఎలా?
నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. వానాకాలంలో సముద్రం పోటెక్కుతుంది. అక్టోబరులో తుపాన్ల భయం ఉంది. 2013 అక్టోబరు 12న పైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. హౌరా - చెన్నై మార్గంలోని బరంపురం స్టేషన్‌లో దిగితే గోపాల్‌పూర్‌కు బస్సులు, ఆటోలు దొరుకుతాయి. బయల్దేరేముందు వాతావరణ హెచ్చరిక చూసుకోవడం మరవొద్దు.